కండెన్సర్ లేని టర్బైన్ సగం యంత్రమే

(థర్మల్ ప్లాంట్లలో కొత్తగా చేరిన ఇంజినీర్లకు, ఆపరేటర్లకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఒక ఖాళీ నూనె డబ్బాతో మొదలుపెడదాం. పదిహేను కిలోల రేకు డబ్బా. అడుగున గ్లాసుడు నీళ్లు పోసి, మూత తీసి, పొయ్యి మీద పెట్టండి. నీళ్లు మరుగుతాయి. ఆవిరి బుసలు కొడుతూ లోపలున్న గాలినంతా బయటికి తోసేస్తుంది. రెండు మూడు నిమిషాలు అలా పోనిచ్చి, డబ్బాను దించి, మూత గట్టిగా బిగించి, పైన చల్లటి నీళ్లు కుమ్మరించండి. డబ్బా చప్పుడు చేస్తూ లోపలికి నలిగిపోతుంది.

దాన్ని నలిపింది ఎవరు? బయటి గాలి. అది అంతకుముందూ అక్కడే ఉంది, అంతే బరువుతో నొక్కుతూనే ఉంది. మారింది లోపల. 100 డిగ్రీల దగ్గర ఒక కిలో ఆవిరి సుమారు 1,670 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అదే కిలో నీరైతే లీటరులో ఇమిడిపోతుంది. ఆవిరి నీరు కాగానే చోటంతా ఖాళీ అయింది. ఇక్కడ వ్యాక్యూమ్ పంపు లేదు. వ్యాక్యూమ్ తెచ్చింది చల్లదనం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీని దగ్గరికి మళ్లీ వస్తాం.

18వ శతాబ్దంలో న్యూకోమెన్ ఇంజిన్ ఈ డబ్బాలాగే పనిచేసేది. సిలిండర్‌లోకి ఆవిరి నింపి, అందులోనే చన్నీళ్లు చిమ్మితే, బయటి గాలి పిస్టన్‌ను కిందికి తోసేది. ప్రతిసారీ సిలిండర్‌ను చల్లార్చి మళ్లీ వేడి చెయ్యడంతోనే చాలా బొగ్గు అయిపోయేది. జేమ్స్ వాట్ 1769లో పేటెంట్ తీసుకున్నది ఈ చల్లార్చే పనిని వేరే పాత్రలోకి మార్చినందుకే. సిలిండర్ ఎప్పుడూ వేడిగా ఉండాలి, కండెన్సర్ ఎప్పుడూ చల్లగా ఉండాలి. ఈ రోజు మన టర్బైన్ హాల్లో పైన టర్బైన్, దాని కింద కండెన్సర్ ఉన్నాయంటే ఆ ఏర్పాటు అక్కడి నుంచి వచ్చినదే.

టర్బైన్ గురించి చెప్పేటప్పుడు ఎవరైనా బాయిలర్ వైపు నుంచే మొదలుపెడతారు. ఇంత ప్రెషర్, ఇంత టెంపరేచర్ అని. కండెన్సర్ దగ్గరికి వచ్చేసరికి "వాడేసిన ఆవిరిని నీరుగా మార్చే పాత్ర" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. నాకు ఆ వాక్యం మీదే అభ్యంతరం. కండెన్సర్ దాకా వచ్చిన ఆవిరి పని అయిపోయి వచ్చింది కాదు. కండెన్సర్ అక్కడ ఉంది కాబట్టే అంత పని చేసి వచ్చింది.

అంకెలతో చూద్దాం. సోవియట్ సంస్థ లెనిన్‌గ్రాడ్ మెటల్ వర్క్స్ నమూనాతో మన ప్రభుత్వరంగ సంస్థ భెల్ తయారుచేసిన 210 మెగావాట్ల యంత్రాన్ని తీసుకుంటాను. దేశంలో చాలా స్టేషన్లు దీనిమీదే పెరిగాయి. ఆవిరి ముందు హెచ్‌పీ (హై ప్రెషర్), తర్వాత ఐపీ (ఇంటర్మీడియట్ ప్రెషర్), చివరికి ఎల్‌పీ (లో ప్రెషర్) టర్బైన్ల గుండా పోతుంది. హెచ్‌పీలోకి చదరపు సెంటీమీటరుకు 130 కేజీల ప్రెషర్, 535 డిగ్రీలతో వస్తుంది. ఇకపై ప్రెషర్ ఇన్ని కేజీలంటే చదరపు సెంటీమీటరుకే. అంకెలను కొంచెం గుండ్రం చేసి చెబుతాను, మీ స్టేషన్ హీట్ బ్యాలెన్స్ డయాగ్రమ్ పక్కన పెట్టుకుని సరిచూసుకోండి.

ముందు, ఆవిరి పని ఎలా ఇస్తుంది? పిస్టన్‌ను తోసినట్టు టర్బైన్ బ్లేడును నేరుగా తొయ్యదు. ముందు నాజిల్‌లో తన ప్రెషర్ వదులుకుని వేగం తెచ్చుకుంటుంది. తర్వాత ఆ వేగాన్ని బ్లేడుకు అప్పజెబుతుంది. ఒక కిలో ఆవిరి నాజిల్‌లో 45 కిలోజౌళ్లు వదిలితే సెకనుకు 300 మీటర్ల వేగం వస్తుంది. పొలంలో మోటారు పైపు నుంచి దూకే నీళ్లకు అరచెయ్యి అడ్డం పెట్టి చూడండి. చదునుగా పెడితే ఒక తోపు. చేతిని దోసిలిలా వంచి, నీళ్లు వచ్చిన వైపే తిరిగి పోయేలా పడితే అంతకు దాదాపు రెట్టింపు తోపు. బ్లేడుకు ఆ వంపు ఉండేది అందుకే.

ఇప్పుడు బ్లేడు కదులుతోంది. సగటున 95 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చక్రం నిమిషానికి 3,000 సార్లు తిరిగితే బ్లేడు వేగం సెకనుకు సుమారు 150 మీటర్లు. 300 వేగంతో వచ్చే ఆవిరి ఆ బ్లేడుకు 150 వేగంతో వస్తున్నట్టే కనిపిస్తుంది. బ్లేడు దాన్ని మళ్లించి అదే 150తో వెనక్కి పంపుతుంది. నేలమీద నిలబడ్డ మనకు అది ఎలా కనిపిస్తుంది? 150 వెనక్కి, 150 ముందుకు, అంటే ఉన్నచోటే నిలిచిపోయినట్టు. వేగమంతా బ్లేడుకు ఇచ్చేసింది. ఇలా ప్రెషర్ అంతా నాజిల్‌లోనే పడే ఇంపల్స్ అంచెలో (స్టేజీలో) బ్లేడు వేగం ఆవిరి వేగంలో సగం ఉండాలనే సూత్రం ఇదే. నిజంగా ఆవిరి అక్కడ నిలిచిపోతే తర్వాతి ఆవిరికి దారి ఉండదు. అందుకే నాజిళ్లను కొంత ఏటవాలుగా పెట్టి, ముందుకు సాగేంత వేగం మిగులుస్తారు. రాపిడి కూడా పోగా, మంచి అంచె తనకు అందినదానిలో 85 నుంచి 90 శాతం దాకా షాఫ్టుకు ఇస్తుంది. రియాక్షన్ అంచెలో ప్రెషర్‌లో సగం నాజిల్‌లో, సగం తిరిగే బ్లేడులోనే పడుతుంది. రాకెట్‌లా వెనక్కి చిమ్మిన ఆవిరి కూడా తోస్తుంది. అక్కడ బ్లేడు వేగం ఆవిరి వేగానికి దాదాపు సమానంగా ఉండాలి.

మరి ఇన్ని అంచెలెందుకు? మన యంత్రంలో ఒక కిలో ఆవిరి మొత్తం ప్రయాణంలో, నష్టాలు లేవనుకుంటే, 1,640 కిలోజౌళ్ల దాకా ఇవ్వగలదు. అదంతా ఒకే నాజిల్‌లో వదిలితే వేగం సెకనుకు 1,800 మీటర్లు దాటుతుంది. బ్లేడు అందులో సగం, అంటే 900 మీటర్ల వేగంతో పోవాలి. 3,000 ఆర్‌పీఎమ్ దగ్గర దానికి దాదాపు ఆరు మీటర్ల వ్యాసమున్న చక్రం కావాలి. ఆ వేగానికి అంచు పట్టుకుని నిలిచే ఉక్కు లేదు. స్వీడన్‌లో డి లావల్ చిన్న చక్రంతో, 30,000 ఆర్‌పీఎమ్ దాకా తిప్పి ఈ చిక్కు దాటాడు. ఇంగ్లండ్‌లో పార్సన్స్ 1884లో వేరే దారి పట్టాడు. ప్రెషర్‌ను ఒక్కసారిగా కాకుండా మెట్లు మెట్లుగా దించాడు. ఆయన మొదటి యంత్రం 7.5 కిలోవాట్లది, 18,000 ఆర్‌పీఎమ్‌తో తిరిగేది. మనం ఇప్పటికీ ఆ మెట్ల దారిలోనే ఉన్నాం. 210 మెగావాట్ల యంత్రంలో హెచ్‌పీలో 12 అంచెలు, ఐపీలో 11, ఎల్‌పీలో ఒక్కో వైపు 4.

ఇక ఆ 1,640 కిలోజౌళ్లు ఎక్కడెక్కడ వస్తున్నాయో చూడండి. హెచ్‌పీలో సుమారు 450. అక్కడి నుంచి ఆవిరి మళ్లీ బాయిలర్‌కు వెళ్లి 535 డిగ్రీలకు వేడెక్కి (దీన్నే రీహీట్ అంటాం), 25 కేజీల దగ్గర ప్రెషర్‌తో ఐపీలోకి వస్తుంది. అక్కడి నుంచి బయటి గాలి ప్రెషర్ దాకా దిగేసరికి మరో 840. ఇక్కడే ఆవిరిని ఆకాశంలోకి వదిలేస్తే లెక్క అయిపోయినట్టే. మనం వదలం. అక్కడి నుంచి 0.1 కేజీ అబ్సల్యూట్ దాకా, అంటే పూర్తి శూన్యం నుంచి కొలిచిన 0.1 కేజీ దాకా దించుతాం. ఆ చివరి మెట్టులో ఇంకో 350 వస్తుంది. ప్రెషర్ గేజి చూసే కళ్లకు 130 నుంచి 1కి దిగడం పెద్ద సంగతి, 1 నుంచి 0.1కి దిగడం ఒక విషయమే కాదు. పనిలో మాత్రం అది అయిదో వంతు. టర్బైన్‌కు పట్టేది ప్రెషర్ ఎన్ని కేజీలు తగ్గిందన్నది కాదు, ఎన్నో వంతుకు తగ్గిందన్నది. 10 నుంచి 1కి దిగినా, 1 నుంచి 0.1కి దిగినా పదో వంతే.

ఇంకో రకంగా కూడా చూడొచ్చు. వేడి నుంచి గరిష్ఠంగా ఎంత పని తీయొచ్చో చెప్పే కార్నో లెక్కలో పై కొస 535 డిగ్రీలు, అంటే 808 కెల్విన్. కింది కొస 45 డిగ్రీలు, అంటే 318. కింది కొసను ఒక్క డిగ్రీ దించితే వచ్చే లాభం కోసం పై కొసను రెండున్నర డిగ్రీలు పెంచాలి. పైన పెంచాలంటే ఖరీదైన లోహాలు కావాలి. కింద దించడానికి చాలాసార్లు శుభ్రమైన ట్యూబులు చాలు.

సరే, కింద అంత పని ఉంది కదా అని ఊరికే రాదు. దానికి చోటు కావాలి. హెచ్‌పీ గుమ్మంలో ఒక కిలో ఆవిరి 26 లీటర్లే ఉంటుంది. ఎల్‌పీ చివర అదే కిలో 13 ఘనపు మీటర్లు, అయిదు వందల రెట్లు. అందుకే మొదటి బ్లేడ్లు అరచేతిలో పడతాయి, చివరి వరస బ్లేడ్లు ముప్పావు మీటరు పొడవుంటాయి. ఎల్‌పీని రెండు వైపులా విడదీసేది కూడా అందుకే. ఆ బ్లేడ్ల కొసల దగ్గర వ్యాసం 2.8 మీటర్లు అనుకుంటే వేగం సెకనుకు 440 మీటర్లు. ఆ కొసన వంద గ్రాముల లోహం బయటికి లాగే బలం దాదాపు 1.4 టన్నులు. ఇది చెబుతున్నది భయపెట్టడానికి కాదు. ఆ బ్లేడుకు తగిలే చిన్న నీటి బొట్టు కూడా చిన్న విషయం కాదని తెలియడానికి.

నీటి బొట్టు అక్కడికి ఎలా వస్తుంది? ఆవిరి పనిచేస్తూ చల్లబడుతుంది, కొంత టర్బైన్‌లోనే నీరవుతుంది. రీహీట్ లేకుండా 130 కేజీల నుంచి 0.1 దాకా నేరుగా దించితే లెక్క ప్రకారం చివర 21 శాతం నీరు. రీహీట్ పెడితే 10 శాతం. రాపిడి వల్ల ఆవిరి తిరిగి కొంత వేడెక్కుతుంది కాబట్టి నిజమైన యంత్రంలో ఇంకా తక్కువ. 12 శాతం దాటనివ్వకూడదన్నది పాత కట్టుబాటు. సగటు తడి ఒక శాతం పెరిగితే ఆ అంచె సామర్థ్యం ఒక శాతం పడుతుందని బౌమన్ సూత్రం. కచ్చితమైన సూత్రం కాదు గాని చేతి లెక్కకు బాగా పనికొస్తుంది.

తడిలో రెండు రకాలున్నాయి. సంతృప్త గీత, అంటే ఆవిరి నీరు కావడం మొదలవ్వాల్సిన హద్దు, దాటగానే బొట్లు పుట్టవు. ఇంకొంత దూరం పొడిగానే పోయి, 3, 4 శాతం తడికి సరిపడా చల్లబడ్డాక ఒక్కసారిగా మంచులా కమ్ముకుంటుంది. ఆ బొట్లు మైక్రాన్ కంటే చిన్నవి. ఆవిరితో పాటే వంపు తిరిగి పోతాయి, బ్లేడును కొట్టవు. చెరుపు చేసేవి వేరే. స్థిర బ్లేడ్ల మీద పలచగా పేరుకున్న నీటిపొర అంచు నుంచి తెగి, పదుల వందల మైక్రాన్ల బొట్లుగా రాలుతుంది. వాటికి ఆవిరి వేగం అందుకునే సమయం ఉండదు. నెమ్మదిగా పోయే ఆ బొట్టును 440 మీటర్ల వేగంతో వచ్చే బ్లేడు వెళ్లి ఢీకొంటుంది. అందుకే దెబ్బ ఎప్పుడూ బ్లేడు ముందంచున, కొసకు దగ్గర, వీపు వైపు కనిపిస్తుంది. అక్కడే స్టెల్లైట్ అనే గట్టి మిశ్రలోహపు పట్టీ అతికిస్తారు, లేదా అంచును గట్టిపరుస్తారు. ఓవర్‌హాల్‌లో ఆ అంచు రంపపు పళ్లలా కనిపిస్తే, మెయిన్ స్టీమ్, రీహీట్ టెంపరేచర్లు ఎన్నాళ్లు తక్కువగా నడిచాయో రికార్డుల్లో వెతకండి.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. కండెన్సర్‌లో ఒక కిలో ఆవిరి నుంచి 2,200 కిలోజౌళ్లకు పైగా వేడిని నదిలోనో, కూలింగ్ టవర్‌లోనో పారబోస్తున్నాం. షాఫ్టుకు ఇచ్చినదాని కంటే ఇది ఎక్కువ. ఆవిరిని ఆవిరిగానే మళ్లీ బాయిలర్‌లోకి తోయొచ్చు కదా?

తోయడానికి ఎంత పని కావాలో చూడండి. లీటరు నీటిని 150 కేజీల ప్రెషర్‌కు ఎక్కించడానికి 15 కిలోజౌళ్లు. పంపు నష్టాలు కలిపినా 20. ఆ కిలో 13 ఘనపు మీటర్ల ఆవిరిగా ఉండగా ఎక్కించాలంటే టర్బైన్ తీసిన పనంతా తిరిగి పెట్టాలి, నష్టాలు అదనం. పిండిన పాలను మళ్లీ పొదుగులోకి ఎక్కించినట్టు. నీరు చెయ్యడం వల్లే ఎక్కించే ఖర్చు దాదాపు సున్నా అయింది. పారబోసిన వేడి ఈ బేరానికి ఇచ్చిన ధర. దాన్ని కొంత తగ్గించుకునే దారి ఉంది. టర్బైన్‌కు ఇచ్చిన 670 టన్నుల ఆవిరిలో కండెన్సర్‌కు చేరేది గంటకు 450 టన్నులు. మిగతాది ఎక్కువగా మధ్యలో ఎక్స్‌ట్రాక్షన్లుగా తీసి ఫీడ్ వాటర్ హీటర్లకు ఇచ్చినది. ఆ ఆవిరి వేడి నదికి పోకుండా బాయిలర్‌కే తిరిగి వెళుతుంది. ఒక హీటర్ పక్కన పెట్టి నడిపితే లోడ్ కొంచెం పెరిగినట్టు కనిపిస్తుంది, బొగ్గు మాత్రం ఎక్కువ కాలుతుంది. ఆ లోడ్ చూసి సంతోషించకండి.

ఇక కండెన్సర్‌లోకి దిగుదాం. పెద్ద ఉక్కు పెట్టె. లోపల వేల ట్యూబులు, ట్యూబులో చన్నీళ్లు, బయట ఆవిరి. ట్యూబుల లోహం మామూలుగా ఆడ్మిరాల్టీ బ్రాస్, క్యుప్రోనికెల్, స్టెయిన్‌లెస్ స్టీల్, సముద్రపు నీరు వాడే చోట టైటానియం. అడుగున, నీరైన ఆవిరి (కండెన్సేట్) చేరే తొట్టి హాట్‌వెల్. మన యంత్రానికి గంటకు 27,000 ఘనపు మీటర్ల చన్నీళ్లు కావాలి. ఒక టన్ను ఆవిరికి 60 టన్నుల నీళ్లు. అయినా ఆ నీరు వేడెక్కేది 9 డిగ్రీలే. బయటి గాలి ఈ పెట్టె గోడల మీద చదరపు మీటరుకు 9 టన్నుల బరువుతో నొక్కుతుంది. లోపల అన్ని అడ్డకమ్మీలు ఉన్నది నూనె డబ్బాకు పట్టిన గతి పట్టకుండా.

వ్యాక్యూమ్ ఎంత ఉండాలన్నది మూడు అంకెల కూడిక. వచ్చే నీటి టెంపరేచర్, అది వేడెక్కిన డిగ్రీలు, బయటికి పోయే నీటికీ ఆవిరికీ మధ్య మిగిలిన తేడా. ఈ మూడో దాన్ని టీటీడీ అంటాం. తిరుమల కాదు, టెర్మినల్ టెంపరేచర్ డిఫరెన్స్. నీరు 32 డిగ్రీలతో వచ్చి, 9 పెరిగి, టీటీడీ 4 ఉంటే ఆవిరి 45 దగ్గర నీరవుతుంది. 45 డిగ్రీలకు సంతృప్త ప్రెషర్ 0.1 కేజీకి కాస్త తక్కువ. నీరు 24తో వస్తే ఆవిరి 37 దగ్గర నీరవుతుంది, ప్రెషర్ 0.065 దాకా దిగుతుంది. వ్యాక్యూమ్ ఎంతన్నది నిర్ణయించేది ఈ కూడిక.

కూలింగ్ టవర్ ఉన్న స్టేషన్లలో మొదటి అంకె వెట్ బల్బ్ టెంపరేచర్ మీద, అంటే తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపే టెంపరేచర్ మీద ఆధారపడుతుంది. ఎండ ఎంత ఉందన్నది చూసి మోసపోకండి. ఎండాకాలం 44 డిగ్రీల వడగాలిలో తేమ 20 శాతం ఉంటే వెట్ బల్బ్ 25 దగ్గరే. జులైలో 32 డిగ్రీలే ఉన్నా, తేమ 85 శాతం ఉంటే వెట్ బల్బ్ 30కి దగ్గర. తీరప్రాంతంలో వానాకాలపు ఉక్కపోత రోజుల్లో వ్యాక్యూమ్ ఎందుకు పడుతోందని కంగారుపడే ముందు ఇది చూసుకోవాలి. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలో లాగా నది నీటిని ఒకసారి వాడి తిరిగి వదిలే ఏర్పాటు ఉంటే ఈ లెక్క లేదు గాని, అక్కడ వేరే బాధ. ఆకులు, గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు, వరద వచ్చినప్పుడు బురద.

వ్యాక్యూమ్ పడిపోతే ఎంత నష్టం? పాదరసం లెక్కలో 10 మిల్లీమీటర్లు పడితే హీట్ రేట్, అంటే ఒక యూనిట్ కరెంటుకు పట్టే వేడి, దగ్గర దగ్గర ఒక శాతం చెడుతుంది. 210 మెగావాట్ల యూనిట్ పూర్తి లోడ్‌లో రోజుకు 3,400 టన్నుల బొగ్గు తింటుందనుకుంటే, రోజుకు 30 టన్నులకు పైగా బొగ్గు. ట్రిప్ అవలేదు, అలారం రాలేదు, లాగ్‌షీట్‌లో ఒక అంకె మాత్రమే కొంచెం మారింది. రోజుకు మూడు లారీలు పోయాయి. అలారం మోగని ఈ నష్టమే నన్ను ఎక్కువ బాధిస్తుంది.

కాబట్టి వ్యాక్యూమ్ పడినప్పుడు వరస తప్పకుండా వెతకాలి. మొదట గేజిని అనుమానించండి. వ్యాక్యూమ్ గేజి బయటి గాలితో పోల్చి చెబుతుంది. సముద్రమట్టం నుంచి 100 మీటర్లు ఎక్కితే బారోమీటర్ సుమారు 9 మిల్లీమీటర్లు తగ్గుతుంది. అందుకే వేరే స్టేషన్ వ్యాక్యూమ్‌తో మీది పోల్చకండి. అబ్సల్యూట్ ప్రెషర్‌తోనే మాట్లాడండి. ఎల్‌పీ ఎగ్జాస్ట్ టెంపరేచర్ ఆ ప్రెషర్‌కు సరిపోతోందా చూడండి. సరిపోకపోతే ముందు గేజికి ప్రెషర్ అందించే సన్న పైపులో (ఇంపల్స్ లైన్లో) నీరు నిలిచిందేమో చూసుకోండి.

తర్వాత చన్నీటి టెంపరేచర్ పెరుగుదల. లోడ్ అదే ఉండి, 9 ఉండాల్సింది 12 అయితే నీళ్లు తక్కువ వస్తున్నాయి. పంపు తగ్గిందా, వాల్వ్ పూర్తిగా తెరుచుకోలేదా, ట్యూబుల కొసలు బిగించిన ట్యూబ్ ప్లేటు మీద చెత్త పేరుకుందా? ట్యూబులకు నీరు పంచే వాటర్ బాక్సు ఇన్‌లెట్, అవుట్‌లెట్ ప్రెషర్ల తేడా చూస్తే తెలుస్తుంది. చెత్త అడ్డుపడితే తేడా పెరుగుతుంది. పంపే తగ్గితే తేడా కూడా తగ్గుతుంది. వాటర్ బాక్సు పైభాగంలో గాలి చేరి పై వరస ట్యూబులకు నీరు అందకపోవడం కూడా ఉంది. వెంట్ తెరిచి చూడటానికి రెండు నిమిషాలు చాలు.

పెరుగుదల సరిగానే ఉండి టీటీడీ 4 నుంచి 8 అయిందనుకోండి. ఇప్పుడు ఇద్దరే అనుమానితులు. ట్యూబు లోపల మురికి, లేదా ట్యూబు బయట గాలి. వీళ్లిద్దరినీ విడదీయడమే అసలు నేర్పు. మురికి అయితే నెమ్మదిగా, వారాల మీద పెరుగుతుంది. గాలి అయితే చాలావరకు ఒక షిఫ్ట్‌లోనే, ఏదో వాల్వ్ తిప్పాకో, లోడ్ మార్చాకో వస్తుంది. కండెన్సర్ నుంచి గాలిని లాగే స్టాండ్‌బై ఎజెక్టర్‌ను, లేదా రెండో వ్యాక్యూమ్ పంపును సర్వీసులో పెట్టండి. వ్యాక్యూమ్ మెరుగైతే గాలి. ఏమీ మారకపోతే మురికి. హాట్‌వెల్ నీరు సంతృప్త టెంపరేచర్ కంటే మూడు నాలుగు డిగ్రీలు చల్లగా ఉండి, కండెన్సేట్‌లో కరిగిన ఆక్సిజన్ కూడా పెరిగితే గాలే. హాట్‌వెల్ లెవెల్ పెరిగి కింది ట్యూబులు మునిగినా నీరు అలాగే చల్లబడుతుంది, అదొక్కటి ముందు చూసుకోండి.

గాలి అంత చెడుపు ఎందుకు చేస్తుంది? ఆవిరి ట్యూబును తాకి నీరై కిందికి జారిపోతుంది. దానితో వచ్చిన గాలి నీరు కాలేదు, అక్కడే ఉండిపోతుంది. తర్వాత వచ్చే ఆవిరి ఆ గాలి పొరను దాటి చల్లటి లోహాన్ని చేరాలి. ట్యూబుకు దుప్పటి కప్పినట్టు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇక్కడికి. యంత్రం నడుస్తున్నప్పుడు ఎజెక్టర్, వ్యాక్యూమ్ పంపు వ్యాక్యూమ్ తయారుచెయ్యవు. కండెన్సింగ్ తయారుచేసిన వ్యాక్యూమ్‌ను గాలి పాడుచెయ్యకుండా ఆ గాలిని ఏరి పారేస్తాయి. సెకనుకు వెయ్యి ఘనపు మీటర్లకు మించి వచ్చే ఆవిరిని పీల్చగల పంపు ఏదీ లేదు. అందుకే కండెన్సర్‌లో ఒక మూల ట్యూబులకు పళ్లెం కప్పి ఎయిర్ కూలింగ్ జోన్ చేస్తారు. అక్కడ మిగిలిన ఆవిరిని కూడా వీలైనంత నీరు చేసి, ఎక్కువ గాలి తక్కువ ఆవిరి ఉన్న మిశ్రమాన్ని ఎజెక్టర్‌కు ఇస్తారు.

గాలి వచ్చే చోట్లు తెలిసినవే. ఎల్‌పీ గ్లాండ్లు (షాఫ్టు బయటికి వచ్చే చోట ఉండే సీళ్లు), కేసింగ్ రెండు సగాలు కలిసే పార్టింగ్ ప్లేన్, ఎల్‌పీకీ కండెన్సర్‌కూ మధ్య ఉన్న జాయింట్, ప్రెషర్ పెరిగితే చినిగే రప్చర్ డయాఫ్రమ్, గాలిని లోపలికి వదిలే వ్యాక్యూమ్ బ్రేకర్ వాల్వ్, కండెన్సేట్ పంపు సక్షన్ గ్లాండ్, ఎల్‌పీ హీటర్ల డ్రెయిన్లు, గేజి గ్లాసులు. లోడ్ తగ్గితే వ్యాక్యూమ్ ఇంకా పడుతోందంటే, పూర్తి లోడ్‌లో ప్రెషర్‌లో ఉండి తక్కువ లోడ్‌లో వ్యాక్యూమ్‌లోకి వచ్చే ఎక్స్‌ట్రాక్షన్ లైన్లను, హీటర్లను చూడండి. ఎజెక్టర్ వాల్వ్ మూసి నిమిషానికి ఎన్ని మిల్లీమీటర్లు పడుతోందో చూసే పరీక్ష ఉంది. 3, 4 మిల్లీమీటర్లు దాటితే వెతుకులాట మొదలుపెట్టాలి. నడుస్తున్న యంత్రం మీద హీలియం చల్లి ఎజెక్టర్ ఎగ్జాస్ట్‌లో పట్టుకోవడం నమ్మదగిన పద్ధతి. ఆగిన యంత్రంలో అయితే ఆవిరి వైపు డీఎం నీళ్లు (లవణాలు తీసేసిన నీళ్లు) నింపి చూస్తారు. కండెన్సర్ స్ప్రింగుల మీద కూర్చునే నిర్మాణమైతే, నింపే ముందు జాకీలు బిగించి తీరాలి. ఆ నీటి బరువును స్ప్రింగుల మీద వెయ్యకూడదు.

(సభలో నుంచి ప్రశ్న: ట్యూబు చిల్లుపడితే చన్నీళ్లు లోపలికి వస్తాయా, కండెన్సేట్ బయటికి పోతుందా?)

మంచి ప్రశ్న. లోపల వ్యాక్యూమ్, ట్యూబులో ప్రెషర్. కాబట్టి ఎప్పుడూ నది నీరే లోపలికి వస్తుంది. సూదిమొన చిల్లు చాలు. క్లోరైడ్లు, గట్టిదనం బాయిలర్‌కు చేరి అక్కడి ట్యూబులను తింటాయి. హాట్‌వెల్ దగ్గర నీటిలో లవణాల జాడ చెప్పే కేటయాన్ కండక్టివిటీ 0.2, 0.3 మైక్రోసీమెన్స్ దాటి పెరుగుతుంటే కెమిస్ట్ ఫోన్ వచ్చేదాకా ఆగకండి, సోడియం కూడా చూడండి. లోడ్ సగానికి తగ్గించి, ఒక సగం వాటర్ బాక్సును వేరుచేసి, ఖాళీ చేసి, ట్యూబ్ ప్లేటు మీద పలచటి ప్లాస్టిక్ పొర అంటించి చూస్తే, చిల్లు ఉన్న ట్యూబు దాన్ని లోపలికి పీలుస్తుంది. రెండు కొసలా ప్లగ్ కొట్టండి. ఒక కొసకే కొట్టిన ప్లగ్ వల్ల ఉపయోగం లేదు. రాత్రి గడవడానికి చన్నీళ్లలో రంపపు పొట్టు వదిలే పాత చిట్కా ఉంది. పొట్టు చిల్లులో ఇరుక్కుని కాసేపు ఆపుతుంది, నయం చెయ్యదు.

(ప్రశ్న: వ్యాక్యూమ్ పెంచుకుంటూ పోతే పని కూడా పెరుగుతూనే ఉంటుందా?)

ఉండదు. చివరి బ్లేడ్ల మధ్య దారి అంతే ఉంటుంది. ప్రెషర్ తగ్గేకొద్దీ ఆవిరి ఉబ్బి, వదిలిపోయే వేగం పెరుగుతుంది. సెకనుకు 200 మీటర్ల వేగంతో వదిలిపోతే కిలోకు 20 కిలోజౌళ్లు వృథా. ధ్వని వేగం చేరాక ఇక వెనకాల ఎంత వ్యాక్యూమ్ ఉన్నా బ్లేడుకు తెలియదు. పైగా హాట్‌వెల్ నీరు చల్లబడి, మొదటి హీటర్ ఎక్కువ ఆవిరి లాగుతుంది. చలికాలంలో రెండు చన్నీటి పంపులు అవసరమా అని అడగాల్సింది అందుకే.

(ప్రశ్న: స్టార్టప్‌లో గ్లాండ్లను మూసే గ్లాండ్ స్టీమ్ ముందా, వ్యాక్యూమ్ ముందా?)

ముందు రోటర్‌ను నెమ్మదిగా తిప్పే బారింగ్ గేర్. రోటర్ తిరుగుతూ ఉండాలి. నిలబడ్డ రోటర్‌కు గ్లాండ్ స్టీమ్ ఇస్తే పైభాగం ఎక్కువ వేడెక్కి వంగుతుంది. తర్వాత చన్నీళ్లు, కండెన్సేట్ పంపు. తర్వాత గ్లాండ్ స్టీమ్, వెంటనే స్టార్టింగ్ ఎజెక్టర్. రోటర్ వేడిగా ఉండగా గ్లాండ్ స్టీమ్ లేకుండా వ్యాక్యూమ్ లాగితే, చల్లటి గాలి గ్లాండ్లలోంచి దూరి రోటర్‌ను కుంచింపజేస్తుంది. రోటర్, కేసింగ్‌ల వ్యాకోచంలో తేడా (డిఫరెన్షియల్ ఎక్స్‌పాన్షన్) మైనస్‌లోకి పోయి రాపిడి మొదలవుతుంది. ఆపేటప్పుడు తిరగేసి, వ్యాక్యూమ్ పూర్తిగా సున్నా అయ్యాకే గ్లాండ్ స్టీమ్ కట్టెయ్యాలి.

నడుస్తుండగా కండెన్సర్ ప్రెషర్ 0.3 కేజీ అబ్సల్యూట్ దగ్గరికి చేరితే చాలా యంత్రాలు ట్రిప్ అవుతాయి. ఆ చిక్కటి ఆవిరిని చిలకడంతోనే పొడవైన చివరి బ్లేడ్లు వేడెక్కి అదురుతాయి, ఎగ్జాస్ట్ హుడ్ వేడెక్కి బేరింగుల అలైన్‌మెంట్ మారుతుంది. ట్రిప్ పని చెయ్యకపోతే ఆఖరికి ఎల్‌పీ మీది డయాఫ్రమ్ చినిగి ఆవిరి హాల్లోకి వస్తుంది. లూబ్ ఆయిల్ పోయినప్పుడు, అదురు విపరీతంగా ఉన్నప్పుడు మాత్రం ట్రిప్ చేసి, వ్యాక్యూమ్ బ్రేకర్‌ను మనమే తెరుస్తాం. లోపలికి వచ్చిన గాలి బ్లేడ్లకు అడ్డుపడి రోటర్ త్వరగా నిలుస్తుంది. ఆ వాల్వ్‌ను ఏ పరిస్థితుల్లో తెరవాలో మీ యూనిట్ ఎమర్జెన్సీ ఇన్‌స్ట్రక్షన్లలో రాసి ఉంటుంది. ఈ రోజు డ్యూటీకి వెళ్లగానే ఆ పేజీ చదివి, కంట్రోల్ రూమ్‌లో దాని స్విచ్ ఎక్కడుందో చూసి రండి.